ఉద్యోగం మానెయ్యాలా, వద్దా: విశాఖలో చదువుకున్న ఆడవాళ్ళు ముందుగా వేసుకోవాల్సిన లెక్కలు

పోయిన వానాకాలంలో ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకి స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. వాయుగుండం, భారీ వర్షాలు, రేపు బడులకు సెలవు. పిల్లలకి పండగే. మా ఎదురు ఫ్లాటు అమ్మాయికి మాత్రం ముఖం పాలిపోయింది. పది నిమిషాల్లో మా కాలింగ్ బెల్ కొట్టింది. "అక్కా, రేపు చిన్నాడిని మీ దగ్గర ఉంచనా? నాకు క్లయింట్ కాల్ ఉంది. ఆయనకి లీవ్ ఇవ్వరట."

ఎంటెక్ చదివింది, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొడుకు ఎల్‌కేజీ. వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. ఈసారి బెల్ కొట్టింది వేరే పనికి: "మానేద్దామనుకుంటున్నా అక్కా. నువ్వు ఒకసారి మానేసి మళ్ళీ చేరావు కదా, ఏమంటావు?"

ఆ అమ్మాయికి ఆ రోజు కాగితం మీద రాసిచ్చిన లెక్కల్నే ఇక్కడ కాస్త విడమర్చి చెబుతున్నాను. మానొద్దనో, మానెయ్యమనో ఎవరికీ చెప్పను. కాకపోతే చాలామంది తప్పు లెక్కతో మానేస్తారు, లేదా తప్పు లెక్కతో లాక్కొస్తారు. నేను మొదటి రకం.

ఉన్న దారులు రెండు కాదు

"ఉద్యోగమా, ఇల్లా" అని అడగ్గానే రెండే దారులున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఐదున్నాయి. ఇప్పుడున్నట్టే కొనసాగడం, ఉద్యోగంలో ఉంటూనే దొరికే సెలవులన్నీ పూర్తిగా వాడుకోవడం, అదే చదువుతో వేళలు కుదిరే ఉద్యోగానికి మారడం, కొన్నేళ్ళు ఆగి తిరిగి చేరడం, పూర్తిగా మానెయ్యడం. మన ఇళ్ళల్లో మొదటిదాని నుంచి నేరుగా చివరిదానికి దూకేస్తారు. మధ్యలో మూడున్నాయని రాజీనామా ఇచ్చాక గాని గుర్తురాదు.

అందరూ వేసే జీతం లెక్క, అందులో తప్పు

ఊరికే ఒక ఉదాహరణ అనుకోండి. చేతికి వచ్చేది 38 వేలు. డే కేర్‌కి 8 వేలు, పనిమనిషికి, వంటమనిషికి కలిపి ఐదున్నర వేలు, ఆటోలు, పెట్రోలు మూడున్నర వేలు, ఆఫీసుకి వెళ్తున్నందుకు అయ్యే బట్టలు, బయటి తిండి 3 వేలు. మిగిలేది 18 వేలు. ఈ మాట భోజనాల దగ్గర పడగానే ఎవరో ఒకరు అంటారు, "18 వేలకి ఈ హైరానా ఎందుకమ్మా?"

తప్పు ఎక్కడుందంటే, మొదట డే కేర్ ఖర్చు మొత్తం ఆమె జీతంలోంచే కొట్టేశారు. పిల్లాడు ఇద్దరికీ పిల్లాడే. సగం ఆయన జీతంలోంచి తీసి చూడండి, లెక్క రూపమే మారిపోతుంది. రెండోది, డే కేర్ ఖర్చు నాలుగైదేళ్ళ ముచ్చట. జీతం పాతికేళ్ళది. ఏటా 8 శాతం పెరిగినా 38 వేలు ఐదేళ్ళకి 55 వేలు దాటుతుంది. ఆగిపోయి తిరిగి చేరితే 38 వేల దగ్గర కూడా మొదలుపెట్టనివ్వకపోవచ్చు. మూడోది, జీతం చీటీలో కనిపించినా చేతికి రాని డబ్బు, అంటే పీఎఫ్‌లో యాజమాన్యం వేసే వాటా, గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకి మానేటప్పుడు యాజమాన్యం ఇచ్చే మొత్తం). వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆటో ఖర్చు సంగతి ఇప్పుడు కొంచెం మారింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే చాలు. మద్దిలపాలెంలో ఎక్కి మధురవాడలో దిగేవాళ్ళకి నెలకి కొంత కలిసొచ్చినట్టే. అయితే హైవే మీద దిగాక ఐటీ హిల్ ఎక్కడానికి షేర్ ఆటో తప్పదు, హనుమంతవాక దగ్గర సాయంత్రం ట్రాఫిక్ సంగతి చెప్పనక్కర్లేదు. డబ్బు తగ్గింది గాని టైమ్ తగ్గలేదు.

నేను చేసిన తప్పు

నేను ఊరి చివర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున్న 7:40కి కాలేజీ బస్సు. పాప పుట్టింది 2012లో. అప్పట్లో ప్రసూతి సెలవు 12 వారాలే. పాప మొదటి పుట్టినరోజు అయ్యాక 2013లో మానేశాను. అప్పటికి నా సర్వీసు నాలుగేళ్ళ రెండు నెలలు.

పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ళు నిండాలి. లెక్క చాలా సులువు. బేసిక్, డీఏ కలిపిన చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, సర్వీసు ఏళ్ళతో హెచ్చవేయాలి. అది 26 వేలు ఉన్న మనిషికి ఐదేళ్ళకి 75 వేలు వస్తుంది. నేను పది నెలల తేడాలో వదిలేసుకున్నాను. ఆ పది నెలలు ఎలాగోలా నెట్టుకురాలేకపోయేదాన్నా అంటే, నెట్టుకొచ్చేదాన్నే. అసలు ఆ రూలుందని తెలిస్తే కదా! ప్రసూతి సెలవు కూడా సర్వీసు కిందే లెక్కకొస్తుందన్న సంగతి కూడా తర్వాతే తెలిసింది.

రెండో తప్పు, ఉన్న పీఎఫ్ అంతా పెన్షన్ భాగంతో సహా తీసేశాను. ఫ్రిజ్ కొన్నాం. పీఎఫ్ పెన్షన్ రావాలంటే మొత్తం పదేళ్ళ సర్వీసు కావాలి. పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే ఆ పాత సర్వీసు పోయినట్టే. తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ పెట్టుకుంటే తర్వాత చేరిన ఉద్యోగంతో ఆ ఏళ్ళు కలుస్తాయి. 2017లో మళ్ళీ చేరినప్పుడు నా లెక్క సున్నా నుంచి మొదలైంది. ఆ ఫ్రిజ్ ఇప్పుడు లేదు.

కాబట్టి రాజీనామా తేదీ నిర్ణయించే ముందు మీ సర్వీసు ఎన్నేళ్ళ ఎన్ని నెలలో చూసుకోండి. నాలుగున్నరేళ్ళు అయిన మనిషి ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టాలి.

మానే ముందు సెలవులు

ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి ప్రసూతి సెలవు 26 వారాలు, జీతంతో. అందులో 8 వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. దీనికి గత 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు బిడ్డని చూసి రావచ్చు. సెలవు అయ్యాక, పని స్వభావం ఒప్పుకుంటే, యాజమాన్యంతో మాట్లాడుకుని ఇంటి నుంచి చేసే వీలుందని కూడా చట్టంలోనే రాశారు. ఎంతమంది అడుగుతున్నారు? మా ఎదురింటి అమ్మాయి అడగలేదు. "అడిగితే ఏమనుకుంటారో" అంది. మానేస్తానని చెప్పడానికి లేని మొహమాటం, క్రెష్ ఎక్కడని అడగడానికి వచ్చింది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులది వేరే ప్రపంచం. పిల్లల సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 730 రోజులు. ఇద్దరు పిల్లల వరకు, వాళ్ళకి 18 ఏళ్ళు వచ్చేదాకా వాడుకోవచ్చు. మొదటి 365 రోజులకి పూర్తి జీతం, తర్వాతి 365కి 80 శాతం. మన ఊళ్ళో రైల్వే, నేవల్ డాక్‌యార్డు సివిలియన్ ఉద్యోగాలు, ఇన్‌కమ్ టాక్స్ లాంటి ఆఫీసులు తక్కువేం లేవు. అలాంటి చోట ఉండి, పిల్లల కోసమని రాజీనామా రాయబోయిన బంధువుల అమ్మాయిని ఒకసారి నేనే ఆపాను. ఆమె పిల్లాడి పదో తరగతికి ముక్కలు ముక్కలుగా సెలవు పెట్టుకుంటోంది ఇప్పుడు. ప్రభుత్వ రంగ సంస్థలకి వాటి సొంత రూల్స్ ఉంటాయి, హెచ్ఆర్ వాళ్ళని అడగండి.

మీ చదువుకి తలుపు ఎంత కాలం తెరిచి ఉంటుంది?

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. జీతం ఎంత అన్నదానికంటే, మానేస్తే మళ్ళీ ఎన్నేళ్ళకి లోపలికి రానిస్తారు అన్నది చూడాలి.

టీచర్లకి తలుపు దాదాపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బీఈడీ పాతబడదు. పైగా పిల్లల సెలవులే మన సెలవులు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే మిగతా అమ్మలందరికీ "పన్నెండున్నరకి పిల్లాడిని ఎవరు తెస్తారు" అన్న టెన్షన్, టీచరమ్మకి మాత్రం ఉండదు. అదే స్కూల్లో పిల్లల్ని చేర్పిస్తే ఇంకా మంచిది. ఎమ్మెస్సీ చేసి ఉద్యోగం మానాలనుకునేవాళ్ళు మానే బదులు బీఈడీ గురించి ఆలోచించడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

సాఫ్ట్‌వేర్‌లో తలుపు త్వరగా మూసుకుంటుంది. రెండు మూడేళ్ళలో వాడే టూల్సే మారిపోతాయి. ఇదివరకు ఇంకో ఇబ్బంది ఉండేది: విశాఖలో మానేస్తే మళ్ళీ చేరడానికి హైదరాబాదో బెంగళూరో వెళ్ళాల్సిందే. 2023లో ఇన్ఫోసిస్ ఇక్కడ సెంటర్ తెరిచాక, ఇంకొన్ని కంపెనీలు వచ్చాక, ఆ పరిస్థితి కొంత మారింది. గూగుల్ డేటా సెంటర్ ప్రకటన చూసి "ఇంక ఉద్యోగాలే ఉద్యోగాలు" అని మా మరిది లాంటివాళ్ళు లెక్కలేస్తున్నారు గాని, డేటా సెంటర్లో కట్టడానికి పట్టినంత మంది నడపడానికి పట్టరు. దాన్ని నమ్ముకుని ఈరోజు మానెయ్యకండి. ఈ రంగంలో ఆగాల్సి వస్తే ఏడాది, మహా అయితే రెండేళ్ళు. ఆ రెండేళ్ళలోనూ ఏదో ఒక చిన్న ప్రాజెక్టు చేతిలో ఉండాలి.

పరవాడ, అచ్యుతాపురం వైపు ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ ల్యాబుల్లో పనిచేసే కెమిస్ట్రీ అమ్మాయిలు చాలామంది ఉన్నారు. వాళ్ళ సమస్య షిఫ్టు, దూరం. సిటీలో ఎక్కడో ఉండేవాళ్ళకి తెల్లారకుండానే కంపెనీ బస్సు. వీళ్ళకి మానడం కంటే ఇల్లు మారడం నయం. కూర్మన్నపాలెం, గాజువాక వైపు అద్దెకి దిగి, రోజుకి రెండు గంటలు మిగుల్చుకున్న కుటుంబాలున్నాయి. ఎంవీపీ కాలనీ వదలాలంటే అత్తగారికి మనసు రాదు, అది వేరే కథ.

డాక్టర్లకి, నర్సులకి గ్యాప్ వల్ల పట్టా పోదు గాని చేతి పని మరుగున పడుతుంది. నైట్ డ్యూటీలు లేని ఓపీ, డయాగ్నస్టిక్స్ వైపు కొన్నాళ్ళు మారి చేతిని పనిలో ఉంచుకోవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి ఆగిపోయిన సైన్సు వాళ్ళకి మాత్రం ఒక మాట: కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ వైజ్-కిరణ్ పథకం ఉన్నది ఇలా మధ్యలో ఆగి తిరిగి పరిశోధనకి రావాలనుకునే ఆడవాళ్ళని కూడా దృష్టిలో పెట్టుకునే. నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

మూడున్నర నుంచి ఏడు దాకా

పొద్దుట పూట ఎవరికీ పెద్ద సమస్య కాదు. ఎంత గాభరా అయినా డబ్బాలు కట్టి, జడ వేసి, వ్యాన్ ఎక్కించేస్తాం. ఇల్లు కదిలిపోయేది సాయంత్రం మూడున్నర నుంచి ఏడు దాకా. స్కూలు వ్యాన్ వచ్చేస్తుంది, అమ్మానాన్నలు రారు. ఒక కాగితం తీసుకుని సోమవారం నుంచి శనివారం దాకా ఆ మూడున్నర గంటలు పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో పేరు రాయండి. ఆరు రోజుల్లో నాలుగు రోజులు ఖాళీగా ఉంటే, ఏ ఉద్యోగమైనా ఎక్కువ కాలం నిలవదు. ఒకటి రెండు రోజులే ఖాళీ అయితే దానికి ఉద్యోగం మానక్కర్లేదు. ఒక పక్కింటావిడో, స్కూలు దగ్గర ట్యూషనో చాలు.

ఆ పేర్లలో పనిమనిషి పేరు రాయొద్దు. మా పనావిడ మంచిదే, కానీ దసరా వెళ్ళగానే, "అమ్మా, పైడితల్లమ్మ సిరిమానోత్సవం, మా ఊరెళ్ళి నాలుగు రోజులుండి వస్తానమ్మా" అంటుంది. కాదనగలమా? మార్గశిరంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి క్యూలోనే ఆమె పొద్దు గడుస్తుంది.

అత్తగారి పేరు, అమ్మ పేరు రాసేముందు వాళ్ళని అడగండి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవల కోసం ఇక్కడికొచ్చి, నాలుగో అంతస్తు ఫ్లాటులో మోకాళ్ళ నొప్పులతో మూడేళ్ళ పిల్లాడి వెనక పరిగెత్తే అమ్మమ్మలెందరో. ఊళ్ళో కోతల టైమ్‌కి వెళ్ళాలని ఉంటుంది, నోరు తెరిచి అడగరు. వాళ్ళకి ఆదివారం సెలవు ఇవ్వాలి, ఏడాదికి రెండుసార్లు ఊరు పంపాలి. అది కుదరదంటే ఆ పేరు కొట్టెయ్యండి.

ఇంట్లో ఉంటే

ఇంట్లో ఉండడం తక్కువ పని అనుకునేవాళ్ళకి ఒక లెక్క. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. ఉద్యోగం చేసినా మానేసినా ఈ తేడా వెంటాడుతుంది. మానేస్తే ఇంకోటి కూడా జరుగుతుంది: ఆయన చేసే ఆ కాస్త పని కూడా మెల్లగా మన వైపు జారుతుంది. "ఇంట్లోనే ఉంటున్నావు కదా" అనే మాట మొదటి నెలలో వినపడదు, మూడో నెలలో మొదలవుతుంది.

నాకు తెలిసిన ఇద్దరున్నారు. ఒకావిడ సీతమ్మధారలో ఉంటుంది, పదకొండేళ్ళయింది ఉద్యోగం మానేసి, హాయిగా ఉంది. ఫ్లాటు ఇద్దరి పేరునా ఉంది. నెల మొదట్లో ఆవిడ ఖాతాలోకి డబ్బు వచ్చి పడుతుంది, దానికి లెక్క అడిగేవాళ్ళు లేరు. రెండో ఆవిడకి ఉన్న కార్డు ఆయన ఫోన్ నంబరుకి లింకు. మందుల షాపులో 180 రూపాయలు గీస్తే, కౌంటర్ దగ్గరుండగానే ఆఫీసు నుంచి ఫోన్: "ఏం కొన్నావు?" ఇద్దరూ మానిన కారణం ఒకటే, పిల్లలు. ఇద్దరి మొగుళ్ళూ తాగుబోతులు కారు, మంచివాళ్ళే. తేడా అంతా మానే ముందు మాట్లాడుకున్నారా లేదా అన్న దాంట్లో ఉంది.

కాబట్టి ఇంట్లో ఉండాలని నిర్ణయించుకుంటే ఇవి మాట్లాడుకోండి. మీ ఒక్కరి పేరున, మీ ఫోన్ నంబరుతో బ్యాంకు ఖాతా. అందులోకి నెలనెలా ఎంత. ఉద్యోగం లేకపోయినా పీపీఎఫ్ పొదుపు ఖాతా మీ పేరున తెరవొచ్చు, ఏడాదికి లక్షన్నర దాకా, 15 ఏళ్ళు. వడ్డీకి పన్ను ఉండదు. అదే ఆయన ఇచ్చిన డబ్బుతో మీ పేరున ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీని ఆయన ఆదాయంలోనే కలుపుతారు, మీ పేరున ఉంది కదా అని పన్ను తగ్గదు. జాతీయ పెన్షన్ పథకం ఎన్‌పీఎస్‌లో చేరడానికి ఉద్యోగం ఉండక్కర్లేదు. ఆయనకి టర్మ్ ఇన్సూరెన్స్ ఉందా, నామినీ ఎవరు? పెళ్ళికి ముందు తీసుకున్న పాలసీలో ఇంకా వాళ్ళమ్మగారి పేరే ఉంటుంది చాలామందికి. ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరునా.

ఇలాంటివి అడిగితే నమ్మకం లేదనుకుంటారని భయం. రోడ్డు ప్రమాదాల పరిహారం లెక్కల్లో గృహిణి పనికి కూడా ఆదాయం కట్టాలని 2021 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి పోయాక కోర్టు కట్టే విలువని, ఉన్నప్పుడు భోజనాల బల్ల దగ్గర కట్టుకుంటే తప్పేముంది?

ఇంటి నుంచి పని

దీని గురించి ఎక్కువ చెప్పను. మంచిదే, రెండు షరతులతో. తలుపు వేసుకునే గది, అందరికీ తెలిసిన వేళలు. ఇంట్లో ట్యూషన్లు చాలామంది మొదలుపెడతారు. అవి పడేది నాలుగు నుంచి ఏడు గంటల మధ్య, అంటే మన పిల్లలకి మనం కావాల్సిన వేళకే. ఏ పిల్లల కోసం ఉద్యోగం మానామో వాళ్ళు పక్క గదిలో టీవీ చూస్తుంటారు. పొద్దుటి పూట చేసుకోగల పని వెతుక్కోవాలి: అకౌంట్లు, జీఎస్టీ రిటర్నులు, అనువాదం, విదేశాల పిల్లలకి ఆన్‌లైన్ పాఠాలు. డేటా ఎంట్రీ ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనేవాళ్ళని మాత్రం ఫోన్‌లోంచి తీసెయ్యండి.

నేనైతే ఎలా తేలుస్తాను

బిడ్డకి ఏడాది లోపు ఉంటే, సెలవులు మిగిలుంటే, మానను. ఆ ఏడాది నిద్రలేమితో తీసుకునే ఏ నిర్ణయాన్నీ నమ్మకూడదు. నేనే ఉదాహరణ.

సాఫ్ట్‌వేర్ లాంటి త్వరగా మూసుకునే రంగమై, సాయంత్రం ఖాళీ రెండు రోజులకి మించకపోతే, కొనసాగుతాను. రంగం ఏదైనా, పిల్లకి ప్రత్యేక శ్రద్ధ కావాల్సి వచ్చినా, ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళున్నా, తోడు లేకుండా నైట్ షిఫ్టులు చేయాల్సి వచ్చినా, మానేస్తాను. తప్పు చేసినట్టు ఎవరికీ సంజాయిషీ చెప్పను. కానీ తిరిగి వెతకడం మొదలుపెట్టే నెల క్యాలెండర్‌లో ముందే రాసుకుంటాను. పని మీదే విసుగొచ్చి, పిల్లల్ని సాకుగా చూపిస్తున్నామేమో కూడా ఒకసారి చూసుకోవాలి. అదైతే మార్చాల్సింది ఉద్యోగాన్ని.

ఏదైనా సరే, రాజీనామాకి ముందు మూడు నెలలు రిహార్సల్ చేయండి. మీ జీతం మొత్తం ఒక ఖాతాలో వేసి ముట్టుకోకుండా, ఆయన ఒక్కరి జీతంతో ఇల్లు నడపండి. ఈఎంఐ, స్కూలు ఫీజు, సంక్రాంతి బట్టలు, అన్నీ. మా ఎదురింటి జంట మొదలుపెట్టి రెండో నెలలో ఆపేశారు, కారు ఈఎంఐ దగ్గర ఇరుక్కున్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేస్తోంది. చివరికి అడిగింది, ఇచ్చారు. సెలవు మెసేజ్ వస్తే వంతులవారీగా లీవ్ పెడుతున్నారు. ఆయనకి కూడా లీవ్ ఇస్తారని అప్పుడే తెలిసింది.

మానేసేవాళ్ళు మాత్రం బయటికి వచ్చే రోజే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్, చివరి మూడు నెలల జీతం చీటీలు తెచ్చుకోండి. నాకు ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆ కాలేజీ ఆఫీసువాళ్ళు నాలుగేళ్ళ తర్వాత మూడుసార్లు తిప్పారు. యూఏఎన్‌కి, అంటే మీ పీఎఫ్ నంబరుకి, లింకైన ఫోన్ నంబరు ఎవరిదో కూడా చూసుకోండి. రెండో ఉద్యోగంలో నాది మా ఆయన నంబరుతో ఉంది. అదెలా జరిగిందో ఇద్దరికీ గుర్తులేదు. నేను సైబర్ కేఫ్‌లో కూర్చుని ఓటీపీ కోసం చూస్తుంటే, ఆయన అరకు రైల్లో సొరంగాల మధ్య ఎక్కడో ఉన్నారు.